నిశ్శ్వాసము

మా నాయనగారు ఉషఃకాలమున నూతికడ స్నానమాడి, మడిపంచె గట్టి, పెరటియరుగుపై పీట వైచికొని కూర్చుండి, బొటనవ్రేలితో కుడిముక్కును ఉంగరపువ్రేలితో ఎడమముక్కును మార్చిమార్చి మూయుచు సంధ్య వార్చుచుండగా, నేను గడపకడ నిలిచి, ఆయన ఱొమ్మున కంటుకొనిన తడిజందెము పైకి లేచుటయు క్రిందికి దిగుటయు చూచుచుండెడివాడను. లేచుటకు పట్టిన కాలమునకు ఇంచుమించు రెండింతలు దిగుటకు పట్టెడిది. ఆ సంగతి ఆనాడే కంటబడినను, అందలి మర్మము తెలియుటకు నాకు నలువది యేండ్లు గడువవలసివచ్చినది.

ఆయన కాలముచేసిన యేట నాకు నిద్ర దూరమైనది. అర్ధరాత్రి దాటిన పిమ్మట దవడలు బిగిసి, అరచేతులు చెమర్చి, ఊపిరి గొంతుకడనే తారాడుచుండ, ఆలోచింపవద్దని మనసును నేనెంత మందలించిన నది యంతగా చెలరేగెడిది. ఒకనాటి రాత్రి అప్రయత్నముగ నా చేయి ముక్కుకడకు బోయినది. మంత్రము లేదు, లెక్క లేదు. విడుచు గాలిని మాత్రము తొందర లేక తుదివఱకు విడిచితిని. పది పండ్రెండు నిశ్శ్వాసములకు దవడ వదలినది, భుజములు దిగినవి. శ్మశానమున సైతము రాని కన్నీరు అప్పుడు వచ్చినది. నిద్ర తెల్లవారుజామున గాని రాలేదు, కాని వచ్చినది.

పిదప పతంజలి యోగసూత్రములను మరల తెఱచితిని. సమాధిపాదమున 31వ సూత్రము, చిత్తవిక్షేపమునకు తోడువచ్చువానిని చెప్పుచు, దుఃఖమును మనఃక్లేశమును గూర్చుండబెట్టిన వరుసలోనే శరీరకంపమును, శ్వాసగతి చెదరుటను గూడ గూర్చుండబెట్టినది. 34వ సూత్రము, ప్రాణవాయువును వెడలించుటయు నిలుపుటయు చిత్తప్రసాదమునకు మార్గమనినది. పెక్కు మార్గములలో నిదియు నొకటి యనునట్లే ఆయన చెప్పుట నాకు మిక్కిలి ప్రియము. బలవంతపెట్టని గురువుకడనే గదా బెదరిన మనసు నేర్చుకొనగలుగును!

నిశ్శ్వాసము నెమ్మది గూర్చునని నమ్ముటకు గ్రంథము గూడ అక్కఱలేదు. మణికట్టుపై వ్రేళ్లుంచి మెల్లగ ఊపిరి తీసి విడిచినచో, పీల్చునపుడు ఒకింత వడిగొన్న నాడి విడుచునపుడు నెమ్మదించుట తఱచుగ వ్రేళ్లకే తెలియును. మెదడు అడుగునుండి మెడమీదుగా గుండెకును జీర్ణకోశమునకును దిగు వేగస్ నాడి, నిశ్శ్వాసవేళ గుండెకు కళ్లెము బిగించుటయే యిందులకు హేతువు. యోగక్రియల నిట్లు ప్రయోగశాలలో పరీక్షింపదలచియే స్వామి కువలయానందులు 1924లో లోనావళాయందు కైవల్యధామమును స్థాపించిరి.

అయినను, దిగులు వారములతరబడి కూడు సయింపనీయక బ్రదుకుపై రోత పుట్టించునపుడు వైద్యుని ఆశ్రయింపవలయును. అట్టివారిని మందు మాని ముక్కు మూసికొమ్మనుట దయ గాదు. గుండెజబ్బు కలవారు గాలి బిగబట్టు కుంభకము జోలికి తమంత తాము పోరాదు. మెల్లగ విడుచుట చాలును.

మొన్న పరీక్షకు ముందటి రాత్రి మా అమ్మాయి చేతులు మంచువలె చల్లబడియుండెను. ఆ పీటమీదనే కూర్చుండబెట్టి, చెవులు మూసికొని తుమ్మెదవలె నెమ్మదిగ రొద చేయుమంటిని. భ్రామరి యను పేరు చెప్పలేదు. ఐదాఱు మారులకు నుదుటి ముడి విప్పుకొన్నది. చెవులనుండి వ్రేళ్లు తీయకయే, "తాతయ్య కూడా ఇలాగే చేసేవారా, నాన్నా?" అని యడిగినది. నేను జందెము సంగతి చెప్పితిని.