గుంటగలగరా, గడ్డి చామంతా?

అచ్చంపేట చుట్టూ వరి గట్ల మీద, చెరువు అలుగుల కింద గుంటగలగర పూసింది. తలనూనె కాచుకునేందుకు దాని బదులు గడ్డి చామంతి కోసుకెళ్తున్నవాళ్లు చాలామందే. ఒక్క నిమిషం ఆగి చూడండి.

గుంటగలగర పువ్వు మొత్తం తెలుపే, చొక్కా గుండీ కంటే చిన్నది. గరుకు ఆకులు ఎదురెదురుగా వస్తాయి. లేత కాడ నలిపితే కాసేపటికి వేళ్లు నల్లబడతాయి. నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇదే. గడ్డి చామంతికైతే పొడవాటి కాడ చివర ఒంటి పువ్వు, మధ్యలో పసుపు. ఎండాక గింజలు కుచ్చులతో గాలికి ఎగిరిపోతాయి.

రెండూ ఆస్టరేసి కుటుంబమే. బంతి, చామంతి, బొకేల్లో పెట్టే పచ్చటి గోల్డెన్‌రాడ్ కూడా అంతే. బతుకమ్మలో బంతి పక్కన పేర్చే తంగేడు మాత్రం చిక్కుడు కుటుంబం. రంగు చూసి చుట్టరికం కలపలేం. వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ కూడా 1753లో గుంటగలగరను వెర్బెసినా ప్రజాతిలో చేర్చి, 1771లో ఎక్లిప్టా అనే వేరే ప్రజాతిగా విడదీశాడు. మందు సీసాల మీద కనిపించే ఎక్లిప్టా ఆల్బా, వృక్షశాస్త్రంలోని ఎక్లిప్టా ప్రోస్ట్రేటా ఒకే మొక్క.

కలుపు మందు కొట్టిన గట్ల మీద మాత్రం కోయకండి.