సిరా లెక్క



గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువు చెప్పిన సంగతి లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. అది శిష్యత్వం గురించి చెప్పిన మాట. అయినా అందులోని వివేకం చిన్న వస్తువులకు కూడా పనికొస్తుంది. ఈ వారం ప్రింటర్ సంగతి ఆలోచిద్దాం.

ఇప్పుడు పల్లెటూరి సంఘాల్లో కూడా ప్రింటర్లు కనిపిస్తున్నాయి. పాటల కాగితాలు, సండే స్కూల్ బొమ్మలు, ఉపవాస ప్రార్థనల కరపత్రాలు అన్నీ వాటి మీదే. కొనేటప్పుడు ప్రింటర్ ధర అడుగుతాం. పేజీకి ఎంత పడుతుందని అడిగేవారు తక్కువ. చవకగా దొరికే ప్రింటర్ చాలాసార్లు తన లాభాన్ని సిరా దగ్గర రాబట్టుకుంటుంది.

ఒక లెక్క వేద్దాం. చిన్న కార్ట్రిడ్జ్ 800 రూపాయలు, లోపల సిరా 4 మిల్లీలీటర్లు, 120 పేజీలు వస్తాయని రాసి ఉంది అనుకోండి. పేజీకి సిరా ఖర్చే 6 రూపాయల 66 పైసలు. సిరా మిల్లీలీటరు 200 రూపాయలు, అంటే లీటరు 2 లక్షలు!

పోనీ ఆ 120 పేజీలైనా వస్తాయా? పేజీలు లెక్కపెట్టడానికి ఐఎస్ఓ 24711 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో వరుసగా ప్రింట్ తీస్తూ లెక్కిస్తారు. మనం అలా తీయం. శనివారం నాలుగు కాగితాలు తీసి, మళ్లీ వారం దాకా ముట్టుకోం. సిరా వచ్చే సన్నని రంధ్రాలు ఎండిపోకుండా యంత్రం తనను తాను శుభ్రం చేసుకుంటుంది. ఆ సిరా కాగితం మీదికి రాదు. చాలా ప్రింటర్లలో అడుగున ఉండే పీల్చుకునే మెత్తలోకి పోతుంది. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2013లో పరీక్షిస్తే, అప్పుడప్పుడు వాడినప్పుడు పలు ప్రింటర్లలో సగం సిరా, కొన్నిటిలో అంతకన్నా తక్కువే కాగితానికి చేరింది. సగం అలా పోతే మన పేజీ 13 రూపాయలు దాటుతుంది.

పట్నంలో ఉద్యోగం చేసే ఒక సహోదరుడు ఈమధ్య మన సంఘానికి ప్రింటర్ కానుకగా ఇస్తానన్నాడు. ప్రేమతో అన్న మాట. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. కానీ ప్రింటర్ ఆయన ఇస్తాడు, సిరా మాత్రం కానుకల సంచిలోంచి రావాలి. ఆ సంచిలో మిరపకోతకు వెళ్లొచ్చిన తల్లులు వేసిన పది, ఇరవై నోట్లున్నాయి. పెద్దలు కూర్చుని లెక్క వేసి ఫోన్ చేశారు. "తమ్ముడూ, కార్ట్రిడ్జ్‌ది వద్దు. ట్యాంకులో సిరా పోసుకునేది ఇవ్వు. లేదంటే ఆ డబ్బుతో పిల్లలకు పాటల పుస్తకాలు కొందాం" అన్నారు. మొదట ఆయన కొంచెం నొచ్చుకున్నాడు. లెక్క కాగితం వాట్సాప్‌లో చూశాక, "ఇది నాకెవరూ చెప్పలేదన్నా" అన్నాడు.

ట్యాంకు ప్రింటర్‌ను ఎప్సన్ 2010లో ఇండోనేషియాలో తెచ్చింది, తర్వాత ఇతర కంపెనీలూ తెచ్చాయి. యంత్రం ధర ఎక్కువ, సిరా చవక. శుభ్రం చేసుకోవడంలో అక్కడా సిరా పోతుంది గాని, ఆ భారం తక్కువ. నెలకోసారి మాత్రమే నలుపులో తీసేవారికి లేజర్ నయం. అందులో ఉండేది పొడి, ఎండిపోయే బాధ లేదు. పదీ పరకా కాగితాలకైతే జిరాక్స్ షాపే మేలు.

ఇప్పటికే కార్ట్రిడ్జ్ ప్రింటర్ ఉన్నవారు దాన్ని పారేయనక్కర్లేదు. ప్రింటర్ బటన్‌తోనే ఆపండి, గోడ స్విచ్ తీసేయకండి. బటన్ నొక్కితేనే అది రంధ్రాలకు మూత పెట్టుకుంటుంది. పాటల కాగితాలకు డ్రాఫ్ట్ మోడ్ చాలు. సిరా అయిపోవచ్చిందని హెచ్చరిక రాగానే కార్ట్రిడ్జ్ మార్చకండి. చాలాసార్లు అది అంచనా మాత్రమే. అక్షరాలు వెలిసేదాకా వాడండి.

ఐదు వేలమంది తిన్న తర్వాత కూడా ప్రభువు మిగిలిన ముక్కలను ఏరించాడు. పన్నెండు గంపలు నిండాయి. సమృద్ధిగా ఇచ్చే చేతులే వృథా కానివ్వలేదు. అలాంటప్పుడు కూలి డబ్బులో నుంచి వచ్చిన కానుకను మనం ఎంత జాగ్రత్తగా వాడాలి! మీ సంఘంలో ఏ వస్తువు కొన్నా, ఎవరు కానుకగా ఇచ్చినా రెండు ప్రశ్నలు అడగండి. దీన్ని నడపడానికి నెలకు ఎంత అవుతుంది? అది ఎవరి చేతిలోంచి వస్తుంది?

గృహనిర్వాహకులముగా నమ్మకముగా ఉండుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.