ధర చెప్పని వదిన

అమెరికాలో ఆన్‌లైన్ కాలేజీకి వారంలో రెండే రోజులు. బుధవారం రాత్రి 11:59 లోపు చర్చలో మన పేరా పెట్టాలి. ఆదివారం రాత్రి 11:59 లోపు ఇద్దరు తోటి విద్యార్థుల పేరాలకి జవాబు రాయాలి. మిగతా ఐదు రోజులూ ఆ రెండింటి బెంగతో గడిచిపోతాయి. డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో, పిల్లాణ్ణి పడుకోబెట్టి, అంట్లు డిష్‌వాషర్లో సర్ది, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి నేను మార్కెటింగ్ సూత్రాలు నేర్చుకున్నది ఈ పద్ధతిలోనే.

మార్కెటింగే ఎందుకంటే పెద్ద ఆశయమేమీ లేదు. నాది హెచ్4 వీసా. చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. భర్త గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 అనే మెట్టు దాటితే భార్య పని అనుమతికి అర్జీ పెట్టుకోవచ్చని 2015లో నియమం వచ్చింది. మేమింకా ఆ మెట్టుకి ఇవతలే ఉన్నాం. గుంటూరులో ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పినదాన్ని. మా దగ్గరి కమ్యూనిటీ కాలేజీ జాబితాలో ముందు వేరే కోర్సు చదివి ఉండాలని అడగనిది, రాత్రిపూట చదువుకోగలిగింది, పుస్తకం కొనక్కర్లేనిది ఇదే కనిపించింది. పాఠ్యపుస్తకం హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వారి ఓపెన్‌స్టాక్స్ 2023లో తెచ్చినది. ఎవరైనా ఊరికే దింపుకోవచ్చు. అమ్మకం గురించి చెప్పే పుస్తకాన్ని ఊరికే ఇస్తున్నారా అని మా ఆయన నవ్వారు.

తరగతిలో ఎవరి మొహమూ చూడలేదు. పేర్లూ, వాళ్ళు రాసిన పేరాలూ, అంతే. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే ఒకావిడ, ఇళ్ళ ముందు గడ్డి కోసే వ్యాపారం పెట్టుకున్న ఒకాయన, హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు కూడబెట్టుకునే పిల్లలు. ఒక పదహారేళ్ళ పిల్ల నా పేరా కింద ‘గ్రేట్ పాయింట్!’ అని రాసేది. మార్కుల కోసం రాస్తోందని తెలిసీ పొంగిపోయేదాన్ని.

అప్పటిదాకా మార్కెటింగ్ అంటే నా కళ్ళముందు మెదిలేది మే నెల ఎండలో టై బిగించుకుని, వాక్యూమ్ క్లీనర్ మోసుకుంటూ గడప గడపా ఎక్కే కుర్రాడు. మా అమ్మ అతనికి మజ్జిగిచ్చి, సరుకు మాత్రం కొనకుండా పంపేది. కోర్సులో ఆ కుర్రాడి కోసం వెతికితే ఎక్కడో మూలన దొరికాడు. 1960లో జెరోమ్ మెకార్తీ అనే ఆచార్యుడు ఈ శాస్త్రాన్నంతా నాలుగు ‘పి’లుగా సర్దాడు. ప్రోడక్ట్, ప్రైస్, ప్లేస్, ప్రమోషన్. నాలుగోదాంట్లో ప్రకటనలూ తగ్గింపులూ పోగా మిగిలిన కాస్త చోటులో టై కుర్రాడున్నాడు. ఆ నాలుగు ‘పి’ల కన్నా ముందు అడగాల్సింది ఇంకొకటుంది. కొనేది ఎవరు? పుస్తకంలో మొదటి సగంలో చాలా భాగం దాని చుట్టూనే తిరుగుతుంది.

చివరి ప్రాజెక్టుకి ఒక చిన్న వ్యాపారాన్ని ఎంచుకుని దానికి మార్కెటింగ్ ప్లాన్ రాయాలి. నేను మా వీధి చివరింటి వదిన పొడుల్ని ఎంచుకున్నాను. ఆవిడ నాకు వరసకి వదిన కాదు, వీధికి వదిన. కందిపొడి, నల్లకారం, కరివేపాకు పొడి, నువ్వులపొడి. మిక్సీలో పట్టినా రోట్లో దంచినట్టు పలుకుగా ఉంటాయి. ఆవిడకి గ్రీన్‌కార్డు ఉంది, అమ్ముకోవచ్చు. నాకు లేదు, రాసుకోవచ్చు.

“ఎవరు కొంటారు వదినా?” అంటే “అందరూ కొంటారు” అంది. అదే రాసి పంపాను. ‘అందరూ’ అనేది ఒక గుంపు కాదు, విడగొట్టి రండి అని మా ప్రొఫెసర్ వెనక్కి పంపారు. విడగొట్టడానికి కూర్చుంటే తెలిసింది, వదిన వంటగదిలోకి వచ్చేవాళ్ళు మూడు రకాలు. రిచర్డ్‌సన్‌లో, డెంటన్‌లో ఎమ్మెస్ చదువుతూ నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంట్లో ఉండే పిల్లలు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే సంసారాలు. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలు. ఈ మూడో రకం కొనరు. కానీ రుచి చూసి “ఇందులో వెల్లుల్లి పచ్చిది వేశారు” అని తీర్పు చెప్పేది వాళ్ళే. ఆ తీర్పు మీద కోడళ్ళు కొనడమో మానడమో జరుగుతుంది.

పోటీదారులెవరు అన్న ప్రశ్న దగ్గర నేను రెండు రాత్రులు ఆగిపోయాను. ఇండియన్ స్టోర్లలో అమ్మే సీసాల పేర్లు రాసుకున్నాను. కానీ వదిన నోట ఆ సీసాల ఊసే రాదు. “ఆగస్టులో మనకి గిరాకీ ఉండదమ్మాయ్” అంది. ఆగస్టులో కొత్త పిల్లలు దిగుతారు. ఒక్కొక్కరికీ రెండేసి పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. అందులో సగం అమ్మ చేతి పొడులూ పచ్చళ్ళే. చదువుల ఒత్తిడీ చలీ కలిసొచ్చే నవంబరుకి ఆ డబ్బాల అడుగు కనిపిస్తుంది. అప్పుడు వదినకి ఫోన్లు మొదలు. సంక్రాంతికి పీక్. మేలో ఎవరి తల్లిదండ్రులైనా వచ్చారంటే ఆ ఇంటి ఆర్డరు పోయినట్టే. థియొడోర్ లెవిట్ 1960లో రాసిన ఒక వ్యాసం మాకు పాఠంగా ఉంది. రైల్వే కంపెనీలు తమది రైళ్ళ వ్యాపారమనుకున్నాయి కానీ ప్రయాణాల వ్యాపారమనుకోలేదు, కార్లూ విమానాలూ వచ్చి వాళ్ళ జనాన్ని ఎగరేసుకుపోయాయి అంటాడాయన. వదిన లెవిట్‌ని చదవలేదు. తన పోటీ స్టోర్లో సీసాతో కాదని, విమానంలో వచ్చే పెట్టెతోనని ఆవిడకి ఎప్పుడో తెలుసు. పోటీదారుల పట్టికలో మొదటి వరుసలో ‘చెక్-ఇన్ బ్యాగేజీ’ అని రాశాను. ప్రొఫెసర్ దాని పక్కన ఆశ్చర్యార్థకం పెట్టారు.

పుస్తకం మీద నాకున్న ఫిర్యాదు వేరే. కొనే మనిషి అందులో ఎప్పుడూ ఒంటరిగా ఉంటాడు. అవసరం గుర్తిస్తాడు, సమాచారం వెతుకుతాడు, ఎంపికలు పోల్చుకుంటాడు, కొంటాడు, కొన్నాక సంతోషమో విచారమో పడతాడు. ఐదు డబ్బాలు, మధ్యలో బాణాలు. పక్కన ఎవరూ ఉండరు. మావాళ్ళు ఇలా కొనడం నేను చూడలేదు. మాకు వాట్సాప్ గ్రూపులో “ఫ్రిస్కోలో మంచి పొడులెక్కడ?” అని ఒకరు అడుగుతారు, పదిమంది చదువుతారు, ఒక్కరు జవాబిస్తారు, ఆ జవాబిచ్చిన మనిషిని బట్టి మిగతావాళ్ళు కదులుతారు. దీని గురించి ఆ పుస్తకంలో ఓపీనియన్ లీడర్లు అని చిన్న ముక్క ఉంది. ఆ ముక్క వెంటపడి వెళ్తే లైబ్రరీలో ‘పర్సనల్ ఇన్‌ఫ్లుయెన్స్’ దొరికింది. ఇలినాయ్‌లో డికేటర్ అనే ఊళ్ళో ఎనిమిదివందల మంది ఆడవాళ్ళని కలిసి, ఎలిహు కాట్జ్, పాల్ లజార్స్‌ఫెల్డ్ 1955లో వేసిన పుస్తకం. వంటింటి సరుకుల విషయంలో ఎవరి మాట వింటారని అడిగితే తేలిందేమిటంటే, డబ్బున్నావిడ మాటో, ఎక్కువ చదువుకున్నావిడ మాటో కాదు, పెద్ద సంసారం ఈదుతున్న ఇల్లాలి మాట. బట్టలకీ సినిమాలకీ అయితే పెళ్ళికాని అమ్మాయిల మాట. డెబ్బై ఏళ్ళ కిందట ఒక అమెరికన్ ఊరి ఆడవాళ్ళ గురించి రాసింది చదువుతుంటే, మా వాట్సాప్ గ్రూపులో ముగ్గురు పిల్లలతో, అత్తమామలతో ఉండే ఒకావిడ మొహమే కనిపించింది. ఆవిడ ‘బాగుంది’ అంటే చాలు, వదిన ఇంకో కిలో కందిపప్పు వేయించుకోవచ్చు.

ప్రచారం వారంలో మన దేశపు ఉదాహరణ చెప్పే అవకాశం వచ్చింది. నేను కాశీనాథుని నాగేశ్వరరావు గారి గురించి రాశాను. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టి, బొంబాయి వెళ్ళి, 1893లో అమృతాంజనం మొదలెట్టిన మనిషి. సంగీత సభల్లో ఆ పసుపు మందుని ఊరికే పంచేవారు. తలనొప్పి ఎక్కడ పుడుతుందో అక్కడే పంచారని మా తాతగారు వేళాకోళం చేసేవారు, ముఖ్యంగా గాయకుడు నచ్చనప్పుడు. 1908లో ఆ బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా పెట్టి, 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేశారు. అమృతాంజనం లాభాలు పత్రికకి ఊపిరి పోశాయి. గడ్డి కోసే ఆయన నా పేరాకి నిజంగా చదివి జవాబు రాశాడు. ఊరికే ఇచ్చేటప్పుడు ఎవరికివ్వాలన్నదే కష్టం, తనూ ఒకింటి ముందు సగం గడ్డి ఊరికే కోసిచ్చి చూశానని. మిగతా సగం డబ్బిచ్చి కోయించుకున్నారట.

ధర వారానికి ముందు ప్యాకింగ్ సంగతి వచ్చింది. కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన షాంపూని చిన్న పొట్లాల్లో అమ్మడం మొదలుపెట్టారు. ఆయన కొడుకు రంగనాథన్ 1983లో చిక్ షాంపూతో దిగి, ఖాళీ పొట్లాలు తెచ్చిచ్చినవాళ్ళకి ఒకటి ఊరికే ఇచ్చి, నెలకో సీసా కొనలేని ఇళ్ళన్నిటినీ తనవైపు తిప్పుకున్నారు. మా ఊరి కిరాణా కొట్లో తోరణాల్లా వేలాడిన ఆ పొట్లాలు మా తరానికంతటికీ తెలుసు. అదే పద్ధతిలో ఎమ్మెస్ పిల్లలకి ఒక్కపూట సరిపడే పొడి పొట్లం చేద్దామన్నాను. అన్నం కుక్కర్లో పడేస్తే చాలు, నెయ్యి వాళ్ళదే. వదిన మొహం మాడిపోయింది. “ఇంత పొట్లమా? చెంచాడు పొడి పెట్టి పంపానని నలుగురూ అనుకోరూ? మా పుట్టింటి పరువు ఏం కావాలి?” అంది. పిల్లల చేతిలో ఉన్న డబ్బుకి సరిపడే కొలత అదేనని లెక్కలేసి చూపించాను. వినలేదు. అరకిలో డబ్బా కన్నా చిన్నది ఆవిడ చేతుల్లోంచి బయటికి రాదు.

ప్లేస్ గురించి రాయడానికి పెద్దగా లేదు. ఇంట్లో వండి అమ్ముకునేవాళ్ళ కోసం టెక్సస్‌లో 2011లో ఒక చట్టం వచ్చింది. ఇంట్లో చేసినదనీ, ప్రభుత్వ తనిఖీ లేనిదనీ లేబుల్ మీద రాయాలి. రాష్ట్రం దాటి పంపకూడదు. న్యూజెర్సీలో వదిన చెల్లెలు ఇప్పటికీ అలిగే ఉంది.

ఇక ధర. పుస్తకంలో మూడు దారులున్నాయి. ఖర్చు మీద కొంత కలుపు, పోటీవాణ్ణి చూసి పెట్టు, కొనేవాడికి అది ఎంత విలువో చూసి పెట్టు. మూడూ వదిన దగ్గర ఒకే చోట ఆగిపోయాయి. ఆవిడ నోట అంకె రాదు. “ఎంతివ్వమంటారు ఆంటీ?” అని కుర్రాడు అడిగితే, “నీకు తెలీదా నాన్నా, ఎంతో కొంత ఇవ్వు” అంటుంది. వాడు మొహమాటపడి ఎక్కువిస్తాడు, మళ్ళీ రాడు. లేదా తక్కువిస్తాడు, ఆవిడ కందిపప్పు ఖర్చు కూడా రాదు. సంసారుల దగ్గర ఇంకా ఇబ్బంది. డబ్బా తీసుకెళ్ళినవాళ్ళు దాన్ని ఖాళీగా తిరిగివ్వరు కదా. సున్నుండలో, అరిసెలో, కనీసం నాలుగు నిమ్మకాయలో వేసి పంపుతారు. డబ్బులు కూడా పంపితే వదినకి కోపం, పంపకపోతే నష్టం. ఈ లెక్కకి పుస్తకంలో పట్టిక లేదు. ఇద్దరి మధ్యా ఉన్న మొహమాటానికి ఒక ఖర్చుందనీ, అది ఎవరో ఒకరు భరిస్తున్నారనీ, ఎక్కువసార్లు భరించేది వదినేననీ నేను రాసుకున్నాను. ఆ కోర్సు మొత్తంలో నేను సొంతంగా కనిపెట్టింది ఏదైనా ఉంటే అదే.

ఫిలడెల్ఫియాలో 19వ శతాబ్దంలో జాన్ వానమేకర్ అనే వ్యాపారి బేరాల్లేకుండా అందరికీ ఒకటే ధర, సరుకు మీద చీటీ అనే పద్ధతికి పేరుపడ్డాడు. అది చదివినప్పుడు నాకు దారి దొరికింది. వదిన చెప్పనక్కర్లేదు, డబ్బా చెప్తుంది. చట్టం ప్రకారం లేబుల్ ఎలాగూ అతికించాలి. తనిఖీ లేనిదన్న వాక్యం కింద ధర కూడా అచ్చు వేద్దామన్నాను. వదిన రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ధర చీటీ అతికించిన డబ్బాలు కుర్రాళ్ళ చేతుల్లోకి చకచకా వెళ్ళాయి. అడిగేవాడికీ చెప్పేవాళ్ళకీ ఇద్దరికీ ఊరట. కాకపోతే వదిన అలమరలో పై అరలో చీటీ లేని డబ్బాలు కొన్ని విడిగా ఉంటాయి. అవి దగ్గరివాళ్ళకి. ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్నది ఆవిడే తేల్చాలి. అది మళ్ళీ నెలనెలా మారుతుంటుంది.

ప్లాన్ చివర ఖర్చుల పట్టిక కావాలన్నారు. చేసిన ప్రతి డబ్బాకీ లెక్క చూపాలని నిబంధన. పై అరలో డబ్బాల్ని ‘ప్రమోషన్ ఖర్చు’ కింద రాసి వదినకి చూపించాను. ఊరుకోలేదు. “ప్రచారమేంటమ్మాయ్? వాళ్ళు మనవాళ్ళు. తీసెయ్” అంది. తీసేస్తే డబ్బాల లెక్క తప్పుతుంది. ఆఖరికి ‘ఇంటి ఖర్చు’ అని వేరే వరుస పెట్టి పంపాను. ప్రాజెక్టుకి మంచి మార్కులే వచ్చాయి. ఆ వరుస దగ్గర మాత్రం ప్రొఫెసర్ కొన్ని మార్కులు కోసి, ‘ఇది వ్యాపారం ఖర్చు కాదు కదా, ఇక్కడెందుకుంది?’ అని రాశారు.

వదినకి చదివి వినిపించాను.

“నేనూ అదే కదా అన్నాను” అంది.