గడువు చేసే మేలు

కావలసినంత తీరిక, చేతినిండా డబ్బు ఉంటే ఎంతటి ఘనకార్యమైనా సాధించి ఉండేవాళ్ళమని చాలామంది నమ్ముతారు. కాని వ్యవధి ముగియవస్తున్నకొద్దీ బుద్ధి ఎంత చురుకుగా పని చేస్తుందో పరీక్షకు కూర్చున్న ప్రతి విద్యార్థికీ తెలుసు. ఔత్సాహికులు తీసే చలనచిత్రాలలో ఈ సత్యం మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

2001 లో వాషింగ్టన్‌లో ఒక విచిత్రమైన పోటీ ఆరంభమైంది. పాల్గొనే బృందానికి గడువు 48 గంటలు. కథ ఏ కోవకు చెందాలో చీటీ తీసి నిర్ణయిస్తారు. ఒక పాత్ర, ఒక వస్తువు, ఒక సంభాషణ అందరికీ ఒక్కటే. అవి చిత్రంలో ఉండి తీరాలి. రచన, చిత్రీకరణ, కూర్పు అన్నీ ఆ రెండు రోజులలోనే పూర్తి కావాలి. కాలక్రమాన ఈ పోటీ ఎన్నో దేశాలకు పాకింది.

ఖరగ్‌పూర్‌లో మా మలంచాలోనూ, రైల్వే క్వార్టర్లలోనూ పెరిగిన నలుగురు తెలుగు యువకులు ఇటువంటి నియమాలనే తమకు తాము విధించుకున్నారు. అంతకుముందు రెండేళ్ళుగా వారొక భారీ కథను చర్చిస్తూనే ఉన్నారు. 2013 వరకు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు మోసిన మా స్టేషను ప్లాట్‌ఫారం మీద, 1,072 మీటర్ల పొడవునా నాయకుణ్ణి పరుగెత్తించాలని వారి కోరిక. అందుకు అనుమతులు కావాలి, మనుషులు కావాలి. రెండేళ్ళలో ఒక్క దృశ్యమైనా తీయలేదు.

ఆ శుక్రవారం చీటీలో వచ్చిన వస్తువు తాళంచెవి. వారిలో ఒకరి తండ్రి రైల్వే కార్ఖానా నుంచి ఆ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. క్వార్టరు అప్పగించి మలంచాలో కట్టుకున్న చిన్న ఇంటికి మారాలి. కథ వెతుక్కుంటూ పోనక్కరలేకపోయింది. నటులు దొరకలేదు గనుక శ్రీకాకుళం ప్రాంతం నుంచి కోడలిగా వచ్చిన నాయనమ్మే కథానాయిక అయింది. ఆమెకు సంభాషణలు కంఠస్థం కావు; అందుచేత రోజూ చేసే విధంగానే తలుపు తాళం వేయమన్నారు. రైళ్ళ మోత మాటలను మింగేస్తోంది, అందుచేత రెండు రైళ్ళ నడుమ దొరికిన నిశ్శబ్దంలో ఆమె ఒక్క మాట మాత్రం అన్నది: “ఇల్లు ఆళ్ళదిరా, కాపురం మనది.”

ఆదివారం సాయంత్రం వారు నా వద్దకు పరుగున వచ్చారు. “మాస్టారూ, రెండు గంటలే ఉంది. బెంగాలీ మిత్రులకు అర్థమయ్యేలా కింద అక్షరాలు వేయాలి” అన్నారు. ‘కాపురం’ అన్న మాటను అనువదించడానికి మామూలుగా అయితే వారం రోజులు నిఘంటువులు తిరగవేసేవాణ్ణి. తెరమీద ఆ వాక్యం నిలిచేది నాలుగు క్షణాలు. మిగిలినదంతా ఆమె ముఖమే చెబుతోంది. ‘ఇల్లు వాళ్ళది, ఇక్కడ బతికింది మనం’ అని రాసి ఊరుకున్నాను. చూసిన బెంగాలీ గృహిణులు కళ్ళు తుడుచుకున్నారు.

అయితే హద్దు వేరు, లేమి వేరు. సత్యజిత్ రాయ్ 1952 లో ‘పథేర్ పాంచాలి’ కోసం రెల్లుపూల దృశ్యం తీయ మొదలుపెట్టారు. వారం తరువాత తిరిగి వెళ్ళేసరికి పశువులు ఆ పూలను మేసేశాయి. మరుసటి ఋతువు దాకా ఆగవలసి వచ్చింది. డబ్బు లేక చిత్రీకరణ పలుమార్లు నిలిచిపోయింది. చిత్రం 1955 లో గాని విడుదల కాలేదు. అందులో ముసలి అత్తగా జీవించిన చునీబాలాదేవి ఆ విడుదలను చూడకుండానే కన్నుమూశారు. పేదరికమే ఆ కళాఖండాన్ని సృష్టించిందనడం అన్యాయం. మనం కోరి గీసుకున్న గీత దారి చూపుతుంది. విధి గీసిన గీత తరచు దారిని మూసివేస్తుంది.

నెలాఖరున ఆ క్వార్టరు తాళం చేతులు మారింది. ఆ గుమ్మం, ఆ యాస, ఆ తాళం వేసే చేయి చిత్రంలో నిలిచాయి. మరో రెండేళ్ళు ఆలోచిస్తూ కూర్చుని ఉంటే అవి దక్కేవి కావు. లగ్నం ఆగదు గనుకనే పెళ్ళిపనులు పూర్తవుతాయని మన పెద్దలకు తెలుసు. తలపెట్టిన ఏ మంచి పనికైనా ముందుగా ముహూర్తం పెట్టుకోవడం మేలు.