ఫైను ఎంతట?

మా తాతయ్యకు ఇంగ్లీషులో మూడు మాటలు వచ్చు: కోర్టు, రసీదు, ఫైను. రసీదు ఇంగ్లీషు కాదని చెప్పినా ఆయన ఒప్పుకునేవాడు కాదు లెండి. మొదటి మాట గట్టు తగాదా నేర్పింది. తక్కిన రెండూ మా గేదె నేర్పింది. అది మహా స్వతంత్రురాలు. పొరుగువాళ్ళ చేలో పడటం, వాళ్ళు దాన్ని బందెలదొడ్డికి తోలటం, తాతయ్య ఫైను కట్టి విడిపించుకు రావటం - నెలకొకసారయినా జరిగే ముచ్చట.

1959లో నేను ఫస్టుఫారంలో వుండగా డ్రాయింగు మేష్టారు నా పుస్తకంలో ఎర్రసిరాతో ఏదో రాశారు. నేను వేసింది ఆ గేదె బొమ్మే. ఇంటికి రాగానే తాతయ్య కంట ఆ ఎర్రసిరా పడింది.

"ఏం రాశార్రా?" అన్నాడు.

అక్షరాలు కూడబలుక్కుని, "ఫైన్" అన్నాను.

తాతయ్య మొహంలో రంగు మారింది. "ఎంతట?"

"అంకె వెయ్యలేదు తాతయ్యా."

"బొమ్మలో వున్నా దీని బుద్ధి పోనిచ్చుకుంది కాదు!" అని నిట్టూర్చి, మర్నాడు పొద్దున్నే రొండిని అర్ధరూపాయి దోపుకుని నాతో బడికి వచ్చాడు. మేష్టారు ముందు నవ్వి, తరవాత ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి, "మీ మనవడు బొమ్మ బాగా వేశాడని రాశానండీ. ఫైన్ అంటే చాలా బాగుందని అర్థం" అన్నారు. తాతయ్య కాసేపు ఆలోచించాడు.

"బాగుంటే బాగుందనాలి గాని, జరిమానా పేరు పెట్టటం ఏమిటండీ?"

మేష్టారి దగ్గర దానికి సమాధానం లేదు. అర్ధరూపాయి మాత్రం నాకు దక్కింది.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. పెద్దవాణ్ణయ్యాక ఎక్కడ చూసినా ఆ మాటే, చూసినచోటల్లా కొత్త వేషంలో. రేడియోలో క్రికెట్ కామెంటరీ వింటుంటే ఎవరో ఫైన్ లెగ్‌లో నిలబడ్డాడనేవారు. అంత మంచి కాలు ఎవరిదా అనుకునేవాణ్ణి. బాట్స్‌మన్ వెనకపక్క, వికెట్ల గీతకు బాగా దగ్గరగా, సన్నని కోణంలో నిలబడేవాడికి ఆ పేరని తెలిసేసరికి నాకు మీసాలు వచ్చాయి. ఇంగ్లండులో వాన పడకపోతే ఫైన్ అంటారట. రోహిణి కార్తెలో మా వూరొచ్చి ఆ మాట అనమనండి చూద్దాం!

మా అత్తవారిది శ్రీకాకుళం జిల్లా. మా మామగారు పొందూరు సన్నఖద్దరు తప్ప కట్టేవారు కాదు. అక్కడ పత్తిని వాలుగచేప దవడ ఎముకతో దువ్వి, నూరో కౌంటు నూలు కూడా వడుకుతారు. పౌను నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్ని కౌంటన్నమాట. అంకె పెరిగినకొద్దీ దారం సన్నం, బట్ట మెత్తన. అలాంటి నూలును కూడా ఇంగ్లీషువాడు ఫైన్ అంటాడు. మనం సన్నం అంటాం. సన్నబియ్యం అన్నప్పుడు మనకూ సన్నదనమూ మంచిదనమూ ఒకటే కదా! ఇక్కడ మాత్రం వాణ్ణి తప్పుపట్టలేను. ఇహ నగమీద వేసే 916 ముద్ర వుంది చూశారూ, వెయ్యి పాళ్ళలో 916 పాళ్ళు బంగారమని. ఆ లెక్కను ఫైన్‌నెస్ అంటారు. మేలిమి అనుకోండి.

ఇన్ని సరే, జరిమానాకు ఆ పేరెందుకు? రిటైరయ్యాక తీరిగ్గా నిఘంటువులు తిరగేస్తే దొరికింది. లాటిను భాషలో ఫీనిస్ అంటే అంతం. పని చివరంటా, లోపం లేకుండా పూర్తయితే అది ఫైన్. వ్యాజ్యం అంతం కావటానికి చెల్లించే సొమ్ము కూడా ఫైన్. ఫైనలూ, ఫినిషూ, చివరికి ఫైనాన్సూ ఆ కడుపునే పుట్టాయి. తాతయ్య వుంటే చెప్పేవాణ్ణి. ఆయన పోయి అప్పటికి ముప్ఫయ్యేళ్ళు దాటింది.

మా అమ్మాయి పదకొండేళ్ళుగా డల్లాసులో వుంటోంది. ప్రతి ఆదివారం పొద్దున్న ఫోను చేస్తుంది. అక్కడ శనివారం రాత్రి.

"ఎలా వున్నావమ్మా?"

"ఫైన్ నాన్నా. నువ్వో?"

"ఫైన్."

పూర్వం ఉత్తరాల్లో ఉభయకుశలోపరి అని రాసేవాళ్ళం. అదీ అరిగిపోయిన మాటే. అయితే ఆ మాట అయ్యాకే ఉత్తరం మొదలయ్యేది. ఎవరికి జ్వరం వచ్చిందీ, ఏ పొలం తాకట్టు పడిందీ ఆ తరవాతే వుండేది. ఫోనులో ఫైన్ అంటే ఇంక అడగవద్దని. లాటినువాడి అంతమే.

2023 డిసెంబరులో అమ్మాయి పిల్లవాణ్ణి తీసుకుని వచ్చింది. ఓ సాయంత్రం కత్తెర కోసం బీరువా వెతుకుతుంటే ఆసుపత్రి కాగితాలు బయటపడ్డాయి. ఆగస్టులో నా గుండెకు స్టెంటు వేశారు. అమ్మాయికి చెప్పవద్దని వాళ్ళమ్మ చేత ఒట్టు వేయించుకున్నాను.

"ఆగస్టులో ప్రతివారం ఫైన్ అన్నావు నాన్నా!" అంది, కాగితాలు పట్టుకుని.

మాట తప్పించటానికి, "నీ సెలవు ఎన్నాళ్ళమ్మా?" అన్నాను. ఆ ఒక్క ప్రశ్నకు అది భోరుమంది. ఉద్యోగం పోయి అయిదు నెలలయిందట. జూలై నుంచీ అది చెప్పిన ఫైన్‌లు నేను లోపల లెక్కపెట్టుకున్నాను.

మా ఆవిడ ఇద్దర్నీ చూసి, "తండ్రీ కూతుళ్ళు సరిపోయారు. ఇక మీదట ఫోనులో ఆ మాట అన్నవాళ్ళు పదేసి రూపాయలు ఫైను కట్టండి" అని హార్లిక్సు సీసా ఒకటి కడిగి బల్లమీద పెట్టింది. అమ్మాయి వాటా ఆవిడే వేస్తుంది.

అమ్మాయికి మళ్ళీ ఉద్యోగం దొరికింది, మునుపటి జీతం కాదు. సీసాలో ఇప్పటికి 230 రూపాయలు చేరాయి. అందులో 160 నావే. పాత అలవాటు, నోరు ముందు పడిపోతుంది.

కిందటి ఆదివారం మామూలుగా, "ఎలా వున్నావమ్మా?" అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను.

"ఏమీ బాగాలేదు నాన్నా. పొద్దున్నే లేవబుద్ధి కావటం లేదు" అంది.

మా ఆవిడ పొయ్యి ఆపేసి వచ్చి నా పక్కన కూచుంది. ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నాం.