సంచుల దగ్గర ఎవరు కూర్చోవాలి?

ఏ ఊరు వెళ్ళినా మా ఇంట్లో ఒక పద్ధతి నడుస్తుంటుంది. సముద్రం కనబడగానే మావారూ పిల్లలూ చెప్పులు వదిలేసి పరుగెడతారు. ఆ చెప్పులు, ఫోన్లు, పర్సులు, తువ్వాళ్ళు, సగం తిన్న చిప్స్ ప్యాకెట్టు... అన్నీ నా ఒళ్ళోకి వచ్చి చేరతాయి. విశాఖలో అంతే, పూరీలో అంతే. మీ ఇళ్ళలోనూ ఇంచుమించు ఇంతే అయ్యుంటుంది. ఫోటోల్లో మనం కనబడం. కనబడినా పక్కన నాలుగు సంచులుంటాయి.

పోయిన డిసెంబర్లో అండమాన్ వెళ్ళాం. ఈసారి మా అత్తయ్యగారు కూడా వచ్చారు. డెబ్భై రెండేళ్ళ రాజమండ్రి మనిషి. పోర్ట్‌బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ ఆటోవాళ్ళ దగ్గర్నుంచి అందరి నోటా ఇంకా పాత పేరే.

రెండో రోజు దీవుల టూరు. పొద్దున్నే జెట్టీ దగ్గర గైడ్ కుర్రాడు అందరినీ నిలబెట్టి, "మీ బోటు పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఇదే బోటు ఎక్కాలి" అని రెండుసార్లు చెప్పాడు. లైఫ్ జాకెట్ వేసుకోందే బోటు కదల్చరు. పట్టుచీర మీద నారింజరంగు జాకెట్‌తో అత్తయ్యగారు, "మన గోదారి లాంచీలో ఇంత హడావిడి లేదమ్మా" అన్నారు. తాడు విప్పుతున్న అబ్బాయి ఠక్కున తలెత్తాడు. "తెలుగోలా అమ్మా? మా తాతోలు సిక్కోలు నుంచి చేపల ఏటకి వచ్చీసారు. నానిక్కడే పుట్టేను" అన్నాడు. ఇక అత్తయ్యగారికి భయం పోయింది.

మొదట రాస్ ఐలాండ్. 2018 నుంచి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం అంటున్నారు. బ్రిటిష్‌వాళ్ళు 1858 నుంచి ఎనభై ఏళ్ళకు పైగా అండమాన్‌ని పాలించింది ఈ చిన్న దీవి మీద నుంచే. చీఫ్ కమిషనర్ బంగళా, చర్చి, బేకరీ, ఈతకొలను, డాన్సులకి ఒక హాలు... అన్నీ ఉండేవి. 1941లో భూకంపం, 1942లో జపాన్‌వాళ్ళు రావడంతో ఆ వైభవం ముగిసింది. ఇప్పుడు కప్పులు లేవు, మొండిగోడలే. వాటిని మర్రిజాతి చెట్ల వేళ్ళు పాముల్లా చుట్టుకుని ఉన్నాయి. మధ్యలో చుక్కల జింకలు మనుషులంటే బెదురు లేకుండా తిరుగుతున్నాయి.

పిల్లలు జింకలతో సెల్ఫీల్లో ఉంటే, అత్తయ్యగారు బేకరీ గోడ దగ్గర ఆగి గైడ్‌ని అడిగారు. "దొరసానులు బ్రెడ్డు తిన్నారు సరే. ఇంత చాకిరీ చేసిందెవరు బాబూ?"

"ఖైదీలమ్మా. 1857 తిరుగుబాటు తర్వాత తెచ్చినవాళ్ళు. అడవి కొట్టిందీ, ఇవన్నీ కట్టిందీ వాళ్ళే."

అత్తయ్యగారు తలూపి ఊరుకున్నారు.

తర్వాత నార్త్ బే. మన పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లూ సముద్రమూ ఉంటాయి చూడండి, అందులో దూరంగా కనబడే తీరం ఇదే. అవతలి కొండ మీది నుంచి చూస్తే అలా ఉంటుందట. ఇక్కడ నీళ్ళలోకి దిగి పగడాల దిబ్బలు చూడొచ్చు. ఎప్పటిలాగే సంచులు నా ముందు కుప్పయ్యాయి. నేను చెట్టు నీడ చూసుకుంటున్నాను.

"అమ్మాయ్, నువ్వూ వెళ్ళు. ఇవి నేను చూస్తా" అన్నారు అత్తయ్యగారు.

"మీరొక్కరూ ఎలా అత్తయ్యా?"

"కాపలా నాకు కొత్తా? 1979, 1991, 2003, 2015. నాలుగు పుష్కరాలకీ చుట్టాలందరి బట్టలూ కాసింది నేనే. అందరూ ములిగొచ్చి వంటేమిటని అడిగేవారు. నేనెప్పుడూ చెంబుతో నాలుగు నీళ్ళు నెత్తిన చల్లుకోవడమే."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. రాజమండ్రిలో పుట్టి, రాజమండ్రిలోనే మెట్టి, పుష్కరాల్లో ఒక్క మునక వెయ్యలేదట!

నేను వెళ్ళాను. కళ్ళకీ ముక్కుకీ అద్దం బిగించి, నోట్లో గొట్టం పెట్టి, నోటితోనే ఊపిరి తీసుకోమన్నారు. రెండు నిమిషాలు గుండె దడదడలాడింది. తర్వాత మొహం నీళ్ళలో పెడితే ఇంకో లోకం. మెదడులా ముడతలు పడ్డ పగడాలు, రంగురంగుల చిలకచేపలు, నా చేతి పక్క నుంచే పోయే బుల్లి చేపల గుంపు. కొన్నిచోట్ల పగడాలు సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. నీళ్ళు వేడెక్కితే అలా అవుతాయట. అది చూస్తే మనసు చివుక్కుమంది. ఆ ఇరవై నిమిషాలూ ఎవరి చెప్పులెక్కడున్నాయో నాకు గుర్తే లేదు.

ఒడ్డుకొచ్చి, తలారబెట్టుకుంటున్న మావారితో అన్నాను. "ఇప్పుడు అత్తయ్యని అద్దాల బోటెక్కిస్తున్నాను. సంచుల దగ్గర మీరు కూర్చోండి."

ఆయన నన్నూ, సంచుల్నీ, వాళ్ళమ్మనీ చూశారు. మాట్లాడకుండా కూర్చున్నారు.

బోటు అడుగునున్న అద్దంలోంచి అత్తయ్యగారు చంటిపిల్లలా వంగి చూశారు. దిగాక జెట్టీ వైపు కాకుండా నీళ్ళ వైపు నడిచారు. నడుం లోతులో నా చెయ్యి పట్టుకుని, ముక్కు మూసుకుని మూడు మునకలు వేశారు. పట్టుచీర సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. మార్చుకోవడానికి బట్టలు రెండు జతలు పెట్టుకోండి, మీకు కూడా. గవ్వలూ పగడపు ముక్కలూ ఏరుకోవద్దు, తేనివ్వరు. డిసెంబర్లో అక్కడ అయిదింటికే పొద్దుగూకుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరండి.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. బట్టల దగ్గర ఎవరెప్పుడు కూర్చోవాలో వంతులు రాసి ఫ్రిజ్ మీద ఇప్పుడే అంటించేశాను. మొదటి పేరు మావారిది. అత్తయ్యగారి పేరు అందులో లేదు.