మనకెన్నంటండీ ఇవాళ?

2020 వేసవిలో మా వైపు పలకరింపే మారిపోయిందండీ. ఎదురుపడితే "భోజనాలయ్యాయా" అనడం పోయి, "మనకెన్నంట ఇవాళ?" అనడం వచ్చింది. మీ ఊళ్లోనూ అంతేనా? మార్చిలో దేశంలో కరోనా కేసుల లెక్క అడిగేవాళ్లు. ఏప్రిల్‌కి జిల్లా లెక్క. జూలై వచ్చేసరికి మండలం, ఆ తరవాత మా వీధి. బులెటిన్ పడే వేళకి అరుగుల మీద ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్లు. లోపల్నుంచి ఎవరో పెద్దావిడ "ఏరా, వచ్చిందా?" అని కేకేసేది. ఆ కబుర్లే నాలుగు చెప్పుకుందాం, తీరిగ్గా కూర్చోండి.

మా ఊరు కోనసీమలో, కాలవ పక్కన. 2022లో మాది వేరే జిల్లా అయింది గాని అప్పటికి తూర్పు గోదావరిలోనే ఉన్నాం. ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కేసు మార్చి 12న నెల్లూరులో తేలింది, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. ఇటలీ మాకు దూరం. కువైట్, దుబాయ్, మస్కట్ మాత్రం పక్కూళ్లలాంటివే. ఏ వీధిలో చూసినా ఒకరో ఇద్దరో ఆడవాళ్లు అక్కడి ఇళ్లలో వంట చేసి, పిల్లల్ని సాకి, నెల నెలా డబ్బు పంపుతుంటారు. వాళ్లలో ఎవరైనా సెలవుకి వచ్చారంటే వీధి వీధంతా చూడ్డానికి వెళ్లేది. సబ్బులు, సెంటు సీసాలు, ఖర్జూరం పంచేవారు. ఆ మార్చిలో గ్రామ వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి, విదేశాల నుంచి ఎవరెప్పుడొచ్చారో రాసుకుపోయారు. అంతే, మర్నాటి నుంచి ఆ గుమ్మాల ముందుగా వెళ్లాల్సొస్తే జనం రోడ్డుకి అవతలి పక్కకి జరిగి నడిచారు. అప్పటికి మా మండలంలో ఒక్క కేసు కూడా లేదు. లెక్క కంటే ముందే భయం వచ్చి కూర్చుంది.

లాక్‌డౌన్ మార్చి 25న మొదలైతే, రోజు తిరక్కుండానే మా వంతెన దగ్గర వెదుళ్లు అడ్డం కట్టి, పైన కొబ్బరి మట్టలు వేశారు. అట్టముక్క మీద బొగ్గుతో రాశారు: మీ ఊరికి మేం రాం, మా ఊరికి మీరు రావద్దు. తెలంగాణ పల్లెల్లో ముళ్లకంప వేశారు, రాయలసీమలో కొన్నిచోట్ల బండరాళ్లు దొర్లించారు. పట్నం నుంచి చూసినవాళ్లకి అది మొరటుతనంగా కనిపించి ఉంటుంది. నాకు మాత్రం అలా అనిపించలేదు. ఆయాసం వస్తే మాకు దిక్కు కాకినాడ పెద్దాసుపత్రి. అంబులెన్సు వచ్చి, మనిషిని ఎక్కించుకుని, గోదావరి పాయలు దాటి అక్కడికి చేరాలి. ఆ సంగతి తెలిసినవాడు పొలిమేర దగ్గరే ఆపుదామనుకోడా? పైగా మా పెద్దవాళ్లలో కలరా చూసినవాళ్లున్నారు, మశూచి చూసినవాళ్లున్నారు. ఊరి మొగదల వేపమండలు కట్టడం, పసుపునీళ్లు చల్లడం వాళ్లకి చిన్ననాటి జ్ఞాపకం. ఈసారి పసుపునీళ్లకి తోడు, చేలకి మందు కొట్టే ట్యాంకులతో హైపోక్లోరైట్ చల్లారు.

ఏప్రిల్‌లో చాలా రోజులు బులెటిన్‌లో శ్రీకాకుళం, విజయనగరం పేర్ల పక్కన సున్నాలుండేవి. మిగతా జిల్లాలవాళ్లం ఆ సున్నాల వైపు ఎంత ఆశగా చూశామో! శ్రీకాకుళం సున్నా ఏప్రిల్ నెలాఖరుకి పోయింది, విజయనగరంది మే మొదటివారంలో. గుజరాత్‌లో వేరావల్ రేవులో చిక్కుపడ్డ ఆ జిల్లాల మత్స్యకారులు వేల మంది బస్సుల్లో ఇళ్లకి చేరింది కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే. కన్నబిడ్డ వస్తున్నాడని సంతోషించాలో, మన ఊరి సున్నా ఏమవుతుందోనని బెంగపడాలో తెలీని తల్లులు ఎంతమంది ఉండి ఉంటారు.

మా జిల్లాలో అందరి నోటా పడ్డ ఊరు గొల్లల మామిడాడ. రాములవారి గుడి గోపురాలకి పేరున్న ఊరు. మే నెలాఖరులో ఒక్క మనిషితో బయటపడి, చూస్తుండగానే పదుల కొద్దీ కేసులయ్యాయి. ఇక మా ఊళ్లో ఆరా మొదలు: మామిడాడ వైపు చుట్టరికం ఎవరికుంది, ఈమధ్య ఎవరు వెళ్లొచ్చారు, ఎవరింటికి ఎవరొచ్చారు. వీళ్లడిగిన తీరు బాగాలేదు గాని, అడిగిన ప్రశ్నలు మాత్రం డాక్టర్లు అడిగేవే. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల్లో దాదాపు 85 వేల మంది రోగులను, వాళ్లతో కలిసి మెలిసిన 5 లక్షల 75 వేల మందిని వెతికి పట్టుకున్న లెక్కలతో ఆ సెప్టెంబరు చివర్లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. రోగుల్లో నూటికి 70 మంది నుంచి, పరీక్ష చేసినంతలో, ఇంకెవరికీ అంటినట్టు కనబడలేదు. నూటికి 8 మంది నుంచే కొత్త కేసుల్లో 60 శాతం వచ్చాయి. చూశారా! జ్వరమొచ్చిన ప్రతి ఇంటికీ దడికట్టి కూర్చున్నాం. కాని చాలా ఇళ్లలో అది ఆ గడప దాటనే లేదు. దాటింది ఎక్కువగా ఆ కొద్దిమంది నుంచే.

ఆ ఆగస్టు మాకు రెండు రకాల అంకెలు ఒకేసారి వచ్చిపడ్డాయి. ఒకటి కరోనాది, జూలై నెలాఖరుకే రాష్ట్రంలో రోజుకి 10 వేలు దాటింది. రెండోది గోదారిది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ ఆగస్టు మధ్యలో మూడో హెచ్చరికా దాటింది. మా లంకల్లో చదువు రాని ముసలమ్మకి కూడా ఈ అంకెలు నోటికి వచ్చు. భద్రాచలంలో ఇంత ఉందంటే రేపు ఏ వేళకి మన మెట్టు మునుగుతుందో చెప్పేస్తుంది. అంకె విన్న వెంటనే చేతులు పని మొదలెడతాయి: గేదెల్ని గట్టెక్కించడం, బియ్యం బస్తా అటక మీద పెట్టడం, పడవ ఎవరిదో కనుక్కోవడం. నీరు ఎవరి తప్పూ కాదు గనక ఎవరూ ఎవర్నీ దాచరు, ఎవరూ దాక్కోరు.

కరోనా అంకెకి ఆ గుణం లేకపోయింది. పదివేలంటే మేం ఏం చెయ్యాలి? పన్నెండు వేలైతే ఏం చెయ్యాలి? ఎవరూ చెప్పలేదు. చెయ్యాల్సిన పని అది చెప్పలేదు, ఎవర్ని చూసి జడుసుకోవాలో మాత్రం చెప్పింది. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

మా ఊరి మొదటి కేసు సంగతి వినండి. 'సంజీవని' పేరుతో ప్రభుత్వం బస్సుల్ని పరీక్షా కేంద్రాలుగా మార్చింది కదా, అలాంటి బస్సు దగ్గరికి వెళ్లి ముక్కులో పుల్ల పెట్టించుకుని వచ్చాడు ఒకాయన. కొబ్బరికాయలు రాశి పోయించి, వలిపించి, లారీకెత్తించే వ్యాపారం. ఫలితం ఆయన ఫోనుకి రాకముందే ఊరి వాట్సాప్‌లోకి వచ్చేసింది: పేరు, వయసు, ఇంటి నంబరు అన్నీ ఉన్న జాబితా. ఎవరు బయటపెట్టారో ఇప్పటికీ తెలీదు. పంచాయతీ మనుషులొచ్చి, పొద్దున్నే వాళ్లావిడ ముగ్గేసిన చోటే బ్లీచింగ్ పౌడరు పోసి వెళ్లారు. సగం ముగ్గు కనబడుతోంది, సగం ఆ తెల్లపొడి కింద పోయింది. పాలబ్బాయి క్యాను దింపకుండా వెళ్లిపోయాడు. ఆయన దగ్గర బాకీ ఉన్నవాళ్లు కూడా ఫోను చెయ్యలేదు. రాష్ట్రంలో వేలల్లో ఉన్న అంకెని టీవీలో చూస్తూ అన్నం తిన్న మనుషులు, ఆ ఒక్కటి విన్న రాత్రి నిద్రపోలేదు.

ఆయన కోలుకున్నాడు, ఇప్పుడూ కాయల వ్యాపారం చేస్తున్నాడు. కాని ఆ గుమ్మాన్ని ఊరంతా చూసింది కదా, అది చూశాక ఇంకెవరైనా పరీక్షకి వెళతారా? ఆ తరవాత మా ఊళ్లో అందరికీ టైఫాయిడే. ఆర్‌ఎంపీ దగ్గర మంచానికి సెలైన్ కట్టించుకుని, "టైఫాయిడ్ అన్నాడండీ, వారం రోజులు పత్యం" అనేవాళ్లు. వాసన తెలీడం లేదంటే "జలుబు" అనేవాళ్లు. బులెటిన్‌లో మా మండలం అంకె తగ్గింది, దగ్గు మాత్రం ప్రతి వీధిలోనూ వినబడేది. సెప్టెంబరులో రాష్ట్రం సీరో సర్వే ఫలితాలు చెప్పింది: దాదాపు 20 శాతం మందికి అప్పటికే సోకి పోయింది, అంటే కోటి మందికి. అధికారిక లెక్క అప్పటికి 5 లక్షల పైచిలుకు. మిగిలినవాళ్లలో చాలామందికి ఏ లక్షణమూ రాకుండానే వచ్చి పోయి ఉంటుంది. అయితే దాచుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. వాళ్లని నేను తప్పుపట్టను. తప్పు ఆ బ్లీచింగ్ గీత వెనకాల నిలబడి చూసిన మా అందరిదీ.

రెండో వేవ్ నాటికి సంగతి మారింది. 2021 మే మధ్యలో రాష్ట్రంలో ఒక్కరోజు కేసులు 24 వేలు దాటాయి, కాని ఆ అంకెని మా అరుగుల మీద ఎవరూ అడగలేదు. అప్పటికి వేరే అంకె చేతికొచ్చింది: రక్తంలో ఆక్సిజన్ శాతం, 94. మా ఆశా కార్యకర్త చీర కొంగుకి ముడేసినట్టు ఆక్సీమీటరుని తాడుతో మెళ్లో వేసుకుని తిరిగేది. కాయలు వలిచి కాయగట్టిన వేలు ఆ క్లిప్పులో సరిగ్గా పట్టేది కాదు. "బాబాయ్ గారూ, వేలు కాస్త తుడుచుకోండి, గోరు పైకి పెట్టండి" అనేది. ఎర్రదీపం వెలిగి, అంకె 91కీ 95కీ మధ్య ఊగుతుంటే గదిలో అందరూ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. 94 పైన నిలిచిందా, "బోర్లా పడుకోండి, గంజి తాగండి, సాయంత్రం మళ్లీ వస్తా" అనేది. కిందికి దిగిందా, 104 హెల్ప్‌లైనుకి ఫోను. అదీ కావలసింది! గోదారి అంకెలాంటిదే అది కూడా. వింటే చెయ్యాల్సిన పని తెలుస్తుంది.

దాంతో ఇంకొకటి జరిగింది. పని తెలిశాక మనుషులకి ధైర్యం వచ్చింది. పక్కింట్లో 92 అట అంటే పారిపోకుండా, ఆటో ఎవరిదుందో చూశారు. మా వెనకవీధిలో నలుగురు ఆడవాళ్లు మాట్లాడుకుని, జ్వరం ఉన్న ఇళ్లకి పూటకొకరు చొప్పున మిరియాల చారు, అన్నం కట్టి గేటుకి తగిలించేవారు. సంచి ఖాళీ అయిందంటే లోపలివాళ్లు తింటున్నారన్నమాట. చారు అందుతుందని తెలిసిన ఇళ్లవాళ్లు "మాకూ వచ్చిందమ్మా" అని వాళ్లంతట వాళ్లే చెప్పడం మొదలెట్టారు. మా వీధి నిజం లెక్క ఆ ఆడవాళ్లకి తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలీదు.

ఆ మే నెల్లోనే, కరోనాకని కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం మా ఊరి నుంచి కూడా కారు మాట్లాడుకుని వెళ్లారు. వాళ్లకి నచ్చజెప్పబోయినవాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడ వేల మంది గుంపులో నిలబడడమే పెద్ద ప్రమాదమని నా భయం. కాని ఆసుపత్రిలో మంచం దొరకని రోజులవి. మంచం లేనివాడికి ఏదో ఒక దారి కావాలి.

ఇక పోయినవాళ్ల లెక్క. ఇది చెప్పకుండా ఈ కబుర్లు ముగించలేను. సుప్రీంకోర్టు తీర్పు తరవాత ఒక్కో మరణానికి 50 వేల రూపాయల పరిహారం ఇవ్వాలని తేలింది కదా. పరీక్షలో తేలిన 30 రోజుల్లోపు పోతే, ఇంట్లో పోయినా సరే, కరోనా మరణం కిందే లెక్క. మరి పరీక్షే చేయించుకోని మనిషి? 2022 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన వివరాల్లో తెలంగాణలో నమోదైన మరణాలు 4 వేల లోపు, వచ్చిన దరఖాస్తులు 28 వేలకి పైన. ఆంధ్రప్రదేశ్‌లో 14 వేల పైచిలుకు మరణాలకి 36 వేలకి పైగా దరఖాస్తులు. ఇందులో అర్హత లేనివీ ఉంటాయి, కాదనను. అయినా అంత తేడా ఊరికే రాదు. టైఫాయిడ్ అని చెప్పి పోయినవాళ్ల పిల్లలు ఏ కాగితం పట్టుకెళ్లాలి?

మా పంచాయతీలో పోయినవాళ్ల లెక్క మేమే రాసుకోడానికి ఇద్దరు కుర్రాళ్లు, ఆశా కార్యకర్త, నేను కూర్చున్నాం. ఆ రెండేళ్లలో ఊళ్లో పోయినవాళ్ల పేర్లు, పోయిన తేదీ, అంతకుముందు ఎన్నాళ్లు జ్వరం, వాసన తెలిసేదా, ఆక్సిజన్ ఎంత చూపించింది, ఇంట్లో ఇంకెవరికి వచ్చింది, ఇవన్నీ ఇళ్లకి వెళ్లి అడిగి ఒక పుస్తకంలో రాశాం. మొదట గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడినవాళ్లు, పేరు రాసుకుంటున్నామనేసరికి లోపలికి పిలిచి కుర్చీ వేశారు. పుస్తకానికి ఏ అధికారిక విలువా లేదు, పరిహారానికి పనికిరాదు. పంచాయతీ కార్యాలయంలో ఒక నకలు ఇచ్చాం, బడిలో ఒకటి ఉంచాం. లంక వైపు ఉన్న రెండు ఇళ్లవాళ్లు పనులకి వలస వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. వాళ్ల ముసలివాళ్ల వివరాలు ఇంకా రాయాల్సి ఉంది.